ఆరువేల మూడువందల తేడా

ఇంటి జమాఖర్చులు రాసుకోవటం మంచి అలవాటని ఆ మధ్య ఈ శీర్షికలోనే నేను పెద్ద ఉపన్యాసం చేశాను. "నోటు పుస్తకంలో అయినా సరే, కంప్యూటరులో అయినా సరే, రాసుకోండి" అని సలహా కూడా చెప్పాను. సలహాలు చెప్పేవాళ్ళకు పరీక్షలు పెట్టటం భగవంతుడికి సరదా కాబోలు. మార్చి ఆఖరున నా లెక్కే కలవలేదు.

కలవకపోతే పోనీ, లెక్కలన్నాక ఒక్కొక్కప్పుడు కలవవు. కాని కలవని ఆ లెక్క మూలాన మా ఇంట్లో ఒక పిల్లవాడు అన్నం ముందునుంచి లేచిపోయాడు. అందుకని ఈ వారం దాన్ని గురించే రాస్తున్నాను.

మేం వుండేది కందిలో. పేరు చూసి ఇక్కడ కందిపప్పు చవక అనుకునేరు! పటాన్‌చెరువులో 1972లో వెలసిన ఇక్రిశాట్ వారు కందిపంట మీద పరిశోధనలు చేస్తూనే వున్నారు గాని, ఆ పద్దు మాత్రం నా పుస్తకంలో నెలనెలా పెరుగుతూనే వుంది. మావారు పటాన్‌చెరువులో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఆయన అక్కగారి అబ్బాయి చదువు ముగించి, అక్కడే ఇంకో ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటూ మా దగ్గర వుంటున్నాడు. నెమ్మదైనవాడు. బజారు పనులు, బ్యాంకు పనులు, మా అత్తగారి మందులు అన్నీ అతని చేతిమీదే జరుగుతాయి.

మా లెక్కలు గ్నూక్యాష్ అనే ప్రోగ్రాములో వుంటాయి. 1998లో మొదటి కూర్పు వచ్చిన ఉచిత ప్రోగ్రాము అది. డబ్బు పెట్టి కొనక్కరలేదు. రోజూ సాయంత్రం చీటీలు చూసి పద్దులు ఎక్కించటం, నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటు పక్కన పెట్టుకుని ఒక్కొక్క పద్దుకూ టిక్కు పెట్టటం నా వంతు. మా మామగారు దీన్ని సరిచూడటం అనేవారు. ఆయన పట్వారీ. 1984లో ప్రభుత్వం ఆ ఉద్యోగాలు రద్దు చేసిన తరువాత కూడా ఆయన చేతిలోంచి ఎర్ర పెన్సిలు దిగలేదు. వూళ్ళో పహాణీలు పోయినా, ఇంట్లో పాసుపుస్తకం మిగిలింది గదా! "కలవని లెక్కకు భయపడకు బిడ్డా, కలిపించిన లెక్కకు భయపడు" అని నాకు కొత్తలో చెప్పారు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

సరే, విషయానికి వస్తాను. మార్చి 31 నాటికి బ్యాంకు చూపించిన నిలవ 86,914 రూపాయల 30 పైసలు. నా పుస్తకం చూపించిన నిలవ 92,240 రూపాయలు. అంటే నేను వుందనుకుంటున్న సొమ్ములో 5,325 రూపాయల 70 పైసలు బ్యాంకులో లేవు.

"దానికేముంది, సర్దుబాటు అని ఒక పద్దు రాసి పారెయ్యి. ఆ ప్రోగ్రాములో దానికొక మీట కూడా వుంది గదా" అన్నారు మావారు పేపరు చదువుకుంటూ. నిజమే, వుంది. నొక్కితే ఆ 5,325 రూపాయల 70 పైసలకూ ప్రోగ్రామే ఒక పద్దు సృష్టించి తేడాను సున్నా చేస్తుంది. తలుపు చాటున చెత్త తోసి ఇల్లు ఊడ్చానన్నట్టు! నొక్కలేదు.

మొట్టమొదట చూడవలసింది ఈ నెల లెక్క కాదు, కిందటి నెల నిలవ. ప్రోగ్రాము సరిచూడటం మొదలుపెట్టగానే ఒక ప్రారంభ నిలవ చూపిస్తుంది. అది కిందటి స్టేట్‌మెంటు ఆఖరి నిలవతో కలవాలి. కలవకపోతే, పూర్వం సరిచూసి ముగించిన పద్దును ఎవరో కదిలించారన్నమాట. మార్చటమో, తుడిచెయ్యటమో జరిగి వుంటుంది. అటువంటప్పుడు ఈ నెల కాగితాలు ఎన్నిసార్లు తిరగేసినా లాభం లేదు. నాకు అది కలిసింది. కనుక దొంగ మార్చి నెలలోనే వున్నాడు. (దొంగ అన్న మాట అప్పుడు వేళాకోళానికే అనుకున్నాను.)

ఇక స్టేట్‌మెంటులో వుండి నా పుస్తకంలో లేనివి వెతికాను. బ్యాంకువారు మూడు నెలల వడ్డీ 742 రూపాయలు 31న జమకట్టారు. నేను 30వ తేదీతోనే పుస్తకం ముగించాను గనుక అది లేదు. వేశాను. వేసేసరికి తేడా తగ్గలేదు సరికదా, 6,067 రూపాయల 70 పైసలకు పెరిగింది! సేవింగ్సు ఖాతా వడ్డీని 2010 ఏప్రిల్ నుంచి రోజువారీ నిలవ మీద కడుతున్నారు గనుక, అది ఎంత వస్తుందో మనం ముందుగా ఊహించి రాయలేం. వచ్చాక చూసి రాసుకోవలసిందే. తరువాత సెల్‌ఫోను సందేశాలకు బ్యాంకువారు పట్టుకున్న 17 రూపాయల 70 పైసలు. అది రాస్తే తేడా 6,050 అయింది. పైసలు పోయాయి, ప్రాణం కుదుటపడింది.

మార్చి 11న కిరాణా కొట్టులో ఫోను మీద 1,250 కట్టబోతే, ఖాతాలో డబ్బు తరిగింది గాని కొట్టువానికి ముట్టలేదు. ఆయన ఎదురుగా నిలబడివుంటే ఏం చేస్తాం, నగదు ఇచ్చి వచ్చాను. 2016లో ఈ యూపీఐ వచ్చినప్పటినుంచీ ఇటువంటివి అడపాదడపా అందరికీ జరుగుతున్నవే. రిజర్వు బ్యాంకు 2019లో దీనికొక గడువు పెట్టింది: కొట్టుకు ముట్టని సొమ్ము అయిదు రోజుల్లో మన ఖాతాకు తిరిగి రావాలి, ఆ పైన ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున మనకే పరిహారం ఇవ్వాలి. నాకు మర్నాడే వచ్చింది. నేనే చూసుకోలేదు. పోయిన సందేశం చూసి ఖర్చు రాశాను, వచ్చిన సందేశం చూడలేదు. ఇది సరిచేస్తే తేడా 7,300. సరిచేసినకొద్దీ తేడా పెరుగుతుంటే, మీరే చెప్పండి, మనిషికి ఎలా వుంటుంది?

నాలుగోది మావారి పుణ్యం. మార్చి 6న ఫ్యాక్టరీనుంచి వస్తూనే "వైద్య ఖర్చుల 4,500 వచ్చేసింది" అన్నారు. నేను జమ రాశాను. వచ్చేసింది అంటే ఆయన అర్థం మంజూరైందని! డబ్బు బ్యాంకులో పడింది 18న. ఇంతలో నేను జవాబు పత్రాలు దిద్దే పనిలో పడి, నెల రెండో పక్షం పద్దులు చేతితో రాయలేక, బ్యాంకువారి ఫైలే ప్రోగ్రాములోకి దింపాను. అందులో మళ్ళీ 4,500 వచ్చి కూర్చుంది. ఒకే పద్దు రెండుసార్లు రాకుండా ప్రోగ్రాము కనిపెడుతుంది గాని, మొత్తమూ కలిసి తేదీలు దగ్గర దగ్గరగా వుంటేనే దానికి అనుమానం వస్తుంది. ఆరుకూ పద్ధెనిమిదికీ చుట్టరికం దానికేం తెలుసు? ఒకటి తీసేశాను. తేడా 2,800.

(ఫైళ్ళు దింపేవాళ్ళకు ఇంకొక మాట. మన బ్యాంకులు తేదీ ముందు, నెల తరువాత వేస్తాయి. అమెరికాలో నెల ముందు. ఏది ముందో ప్రోగ్రాముకు సరిగా చెప్పకపోతే మన ఏప్రిల్ 5 మే 4 అయి కూర్చుంటుంది. పన్నెండు దాటిన తేదీలకు మాత్రం అది నోరు తెరుస్తుంది.)

ఇక మిగిలింది ఒక చెక్కు. 20న బోరు మోటారు బాగుచేసిన ఆయనకు 3,500కు రాసిచ్చాను. నా పుస్తకంలో అది ఖర్చు. ఆయనేమో ఇంకా చొక్కా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇది తప్పు కాదు. దీన్ని దిద్దకూడదు కూడాను. టిక్కు పెట్టకుండా వచ్చే నెలకు వదిలెయ్యాలి. చెక్కుకు మూడు నెలలే ఆయుర్దాయం. 2012 ఏప్రిల్‌కు ముందు ఆరు నెలలుండేది. ఆయనకు ఆ మాట గుర్తు చెయ్యటం వేరే సంగతి. అయితే బ్యాంకు నిలవలో ఆ 3,500 ఇంకా వున్నట్టే గనుక, దాన్ని లెక్కలోకి తీసుకుంటే అసలు తేడా 2,800 కాదు, 6,300.

సరిగ్గా 6,300. పైసలు లేవు, చిల్లర లేదు. ఇప్పుడు పద్దు పద్దుకూ పేరు కాక, అంకె చూడటం మొదలుపెట్టాను. నిజం ఒప్పుకోవాలి గదా: మొదటిసారి టిక్కులు పెట్టేటప్పుడు నేను పేర్లు చూసి పెట్టాను. "ఏటీఎం, మార్చి 8" అని బ్యాంకులో వుంది, "ఏటీఎం, మార్చి 8" అని నా పుస్తకంలో వుంది, టిక్కు. ఇప్పుడు చూస్తే బ్యాంకు కాగితంలో 8,100. నా పుస్తకంలో 1,800.

ఆ రోజు కార్డు పట్టుకుని వెళ్ళింది మావారి మేనల్లుడు.

మరుక్షణం నాకు ఏం తోచిందో రాయటానికి సిగ్గుగా వుంది. యంత్రం నోట్లు తక్కువ ఇచ్చిందేమో అని తోచలేదు. నేను తప్పు రాశానేమో అనీ తోచలేదు. రాత్రి భోజనాల దగ్గర మామూలుగా అడిగినట్టే అడిగాను.

"ఎనిమిదో తారీకున ఏటీఎంలో ఎంత తీశావు నాయనా?"

"మీరు చెప్పినన్నే అత్తమ్మా. ఎనిమిది వేల నూరు."

"మరి నాకు ఇచ్చిందెంత?"

రెండో ప్రశ్న అడగకుండా వుండవలసింది. అతను ముద్ద కంచంలో పెట్టేశాడు. నా వంక చూడలేదు, వాళ్ళ మామ వంక చూశాడు. మావారు తల దించుకుని మజ్జిగ పోసుకుంటున్నారు. "అన్నీ మీ చేతులనే పెట్టిన అత్తమ్మా, స్లిప్పు గూడ ఇచ్చిన" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. నైటు డ్యూటీ వుందని, స్నేహితుడి గదిలో పడుకుంటానని వెళ్ళిపోయాడు. "ఏం లెక్కనో ఏమో! పోరగాడు అన్నం తినకుండ పోయిండు" అని మా అత్తగారు నాకు వినపడేటట్టే అన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండో జాములో మా మామగారి ఎర్ర పెన్సిలు గుర్తుకు వచ్చింది. లెక్కలో తేడా వస్తే ఆయన దాన్ని తొమ్మిదితో భాగించి చూసేవారు. నిశ్శేషంగా పోతే ఎక్కడో రెండంకెలు తారుమారయ్యాయేమోనని వెతికేవారు. లేచి భాగించాను. 6,300ను తొమ్మిదితో భాగిస్తే 700. వందల స్థానంలో ఏడు వచ్చింది గనుక, వేల స్థానమూ వందల స్థానమూ తారుమారై, ఆ రెండంకెలకూ మధ్య తేడా ఏడు అయివుండాలి. ఎనిమిదిలోంచి ఒకటి పోతే ఏడు. 81, 18! చీటీలో వున్నదాన్ని నేనే వెనుక ముందు చేసి ఎక్కించి వుండవచ్చు.

తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని, నాకిది తట్టకపోవటం మరీ అన్యాయం. శాసనాల్లో, కావ్యాల్లో శకసంవత్సరాలు చెప్పేటప్పుడు "శశి, గజ" అని వుంటే శశి ఒకటి, గజాలు ఎనిమిది, మొత్తం పద్ధెనిమిది అని పిల్లలు గబుక్కున రాస్తారు. అంకెలు కుడినుంచి ఎడమకు నడుస్తాయి, అది ఎనభై ఒకటి అని నేను ఏటేటా ఎర్రసిరాతో దిద్దుతూనే వుంటాను. అదే తప్పు నా ఇంటి లెక్కలో నేనే చేశాను.

చేశానని ఎలా తెలుస్తుంది? తొమ్మిదితో పోయినంత మాత్రాన రుజువు కాదు. 6,300 కాజేసినవాడికి కూడా ఆ అంకె తొమ్మిదితోనే పోతుంది. ఏటీఎం చీటీ చూద్దామంటే, ఆ కాగితం మీద అక్షరాలు నెల తిరక్కుండానే తెల్లబడిపోయాయి.

అప్పుడు అక్కరకు వచ్చింది ఆ ప్రోగ్రాములోని రెండు పక్కల పద్దు. ఈ పద్ధతిని వెనిస్ వర్తకులు వాడుతుండగా చూసి, లూకా పాచియోలీ అనే సన్యాసి 1494లో తన గణిత గ్రంథంలో వివరించి అచ్చువేశాడు. సూత్రం చిన్నది. డబ్బు ఎక్కడినుంచో కదిలితే ఎక్కడికో చేరాలి. రెండు చోట్లా రాయాలి. నేను బ్యాంకులోంచి 1,800 తీసినట్టు రాశానంటే, ఇంట్లో నగదు డబ్బాలో 1,800 పడినట్టు కూడా రాశానన్నమాట. డబ్బా ఖాతా తెరిచాను.

మార్చి 8 ఉదయం డబ్బాలో నిలవ 900. దానికి 1,800 చేరిస్తే 2,700. మర్నాడు వడ్రంగికి తలుపుల పనికి 7,500 నగదు ఇచ్చినట్టు నా చేత్తోనే రాసివుంది. నిలవ: సున్నాకు కింద 4,800! ఎర్ర అంకెలతో మూడు వారాలుగా అక్కడే వుంది. నేను చూడలేదు. బ్యాంకువాడు అప్పు ఇస్తాడేమో గాని, బిస్కట్ల డబ్బా అప్పు ఇవ్వదు గదా! 2,700 వున్న డబ్బాలోంచి 7,500 ఎలా తీసి ఇచ్చాను? వడ్రంగికి 7,500, అత్తగారి మందులకు 600, వెరసి 8,100 తెమ్మని నేనే చెప్పాను. అతను తెచ్చాడు. నేను పుచ్చుకున్నాను. ఖర్చుపెట్టాను కూడా.

తెల్లవారుజామున వంటింట్లో కూర్చుని డబ్బా దించి లెక్కపెట్టాను. పుస్తకం ప్రకారం వుండవలసినదానికంటే 6,180 రూపాయలు ఎక్కువ వున్నాయి. బ్యాంకులో 6,300 తక్కువ, డబ్బాలో దాదాపు అంతా ఎక్కువ. నెల పొడుగునా నేను ఒక్కసారి ఆ డబ్బా లెక్కపెట్టి వుంటే ఇదంతా జరగదు.

రామదాసుగారి గోడు కూడా ఇదే గదా అనిపించింది. తానీషా ఖజానాలో చూస్తే సొమ్ము తక్కువ. భద్రాద్రి గుళ్ళో చూస్తే అంత సొమ్మూ నగలై కూర్చుంది. ఏ నగకు ఎంత పట్టిందో ఆయన పాటలోనే పద్దులు అప్పజెప్పాడు. సర్కారు సొమ్ము అడగకుండా వాడటం తప్పే, కాదనను. కాని ఒక పక్క పుస్తకం మాత్రమే చూసేవాడికి ఎవరైనా దొంగే. పన్నెండేళ్ళు చెరలో వుంచారంటారు. నేను ఒక్క రాత్రితో తేల్చుకున్నానంటే నా గొప్ప కాదు, పాచియోలీ పుణ్యం.

1,800ను 8,100గా దిద్దాను. పుస్తకంలో నిలవ 83,414 రూపాయల 30 పైసలు. దానికి జేబులో తిరుగుతున్న 3,500 చెక్కు కలిపితే 86,914 రూపాయల 30 పైసలు. తేడా సున్నా. ముగించు అని నొక్కాను. పద్దుల పక్కన 'సి' అని వున్నవన్నీ 'వై' అయ్యాయి, అంటే సరిచూసినవని గుర్తు. ఎప్పుడూ అది చూస్తే సంతోషం కలిగేది.

ఆ నిన్నటి మీట నొక్కివుంటే ఏమయ్యేదని మావారిని అడిగాను. ఆయన మాట్లాడలేదు. 5,325 రూపాయల 70 పైసల సర్దుబాటు కింద ఏడున్నర వందల వడ్డీ, వెనక్కి వచ్చిన 1,250, రెండుసార్లు ఎక్కిన 4,500 అన్నీ ఒకదాన్నొకటి మింగి పడుకునేవి. నెల పోయాక చెక్కు మారగానే ఇంకో తేడా లేచేది. ఆ పిల్లవాడి మీద అనుమానం మాత్రం ఎవరి పుస్తకంలోనూ లేకుండా ఇంట్లో వుండిపోయేది. డబ్బాలో లోటు పాతిక, యాభై వస్తే చిల్లర ఖర్చులని రాసుకుంటాను, తప్పులేదు. పూలవాడికిచ్చిందీ, సోడావాడికిచ్చిందీ ఎవరు రాస్తారు? బ్యాంకు ఖాతాలో మాత్రం ఒక్క రూపాయి కూడా సర్దుబాటుకు రాయనని అనుకున్నాను.

అతనికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఆదివారం నాడు సర్వపిండి చేసుకుని మావారితో కలిసి పటాన్‌చెరువు వెళ్ళాను. చిన్న గది, నలుగురు కుర్రాళ్ళు. మమ్మల్ని చూసి మిగతా ముగ్గురూ బయటికి వెళ్ళిపోయారు. లాప్‌టాపు వెంట తీసుకువెళ్ళటం మంచిదో కాదో తెలియలేదు గాని, తీసుకువెళ్ళాను. తెరిచి 81, 18 చూపించాను. "నాదే తప్పు. నిన్ను ఆ మాట అడగకూడదు" అన్నాను. క్లాసులో అరవైమంది ముందు గంటసేపు మాట్లాడేదాన్ని, ఈ రెండు ముక్కలకు గొంతు పెగలలేదు.

అతను చాలాసేపు ఆ తెర వంకే చూశాడు. తరువాత వేలుపెట్టి, "మరి ఈ నూటిరవై ఏంది అత్తమ్మా, డబ్బాల తక్కువ వచ్చినయి?" అన్నాడు. తెలియదన్నాను.

"మందులు ఆరునూర్లు గాదు, ఆరునూర్ల ఎనబై అయినయి. అమ్మమ్మ డబ్బాల కెల్లి ఎనబై తీసి ఇచ్చింది. మీకు చెప్పుడు మర్సిపోయినం."

అక్కడే కూర్చుని 80 రూపాయలు మందుల ఖర్చు కింద రాశాను. సర్వపిండి రెండు ముక్కలు తిన్నాడు. సాయంత్రం మాతోనే ఇంటికి వచ్చాడు.

మిగతా 40 రూపాయలు ఇంకా తేలలేదు. ఎవరినీ అడగలేదు.